బంకర్ బస్తీలో నైరుతి గోడ

సొంత ఇల్లు కొనే ముందు నువ్వు ఎవరిని వెంటబెట్టుకుని వెళ్లావు? మేస్త్రీనా, సిద్ధాంతినా? ఇద్దరూ వచ్చి ఉంటే, ఎవరి మాట మీద కిటికీ మూసుకుంది?

నాకు జవాబు చెప్పనక్కర్లేదు. గోదావరిఖని బస్తీల్లో గడప గడపా తిరిగినవాణ్ని. ఏ ఇంట్లో ఏ గోడ ఎందుకు లేచిందో బయటినుంచి చూసే చెప్పగలను. ఇటుకల రంగు తేడా చెబుతుంది.

నేను బొగ్గుగనుల్లో గాలి పని చూసి రిటైరైన మనిషిని. వెంటిలేషన్ ఆఫీసరు అనేది కాగితం మీది పేరు. ఇప్పుడు కొత్తగా సర్దార్లుగా, ఓవర్‌మన్లుగా చేరుతున్న పిల్లలు కొందరు వచ్చి, మీ అనుభవాలు రాయండి సారూ అన్నారు. షిఫ్టులో మనుషుల ప్రాణాలకు మొదట పూచీపడేది వీళ్లే కాబట్టి కాదనలేకపోయాను. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరితో ఫొటో దిగాను అనేవి రాయను. అవి నాకే గుర్తు లేవు. నాకు గుర్తున్నది ఒక గోడ. అది గనిలోది కాదు, ఒక ఇంట్లోది. అయినా నా ఉద్యోగమంతా నేర్పిన దానికంటే ఆ గోడ నేర్పింది ఎక్కువ.

గాలి పని

భూమి లోపల గాలి దానంతట అది ఉండదు. మనమే తీసుకెళ్లాలి. పైన పెద్ద ఫ్యాను తిరుగుతుంటే ఒక దారిన మంచి గాలి దిగుతుంది, మనుషుల మధ్య నుంచి, యంత్రాల మధ్య నుంచి నడిచి, వేడినీ దుమ్మునీ చెడుగాలినీ మోసుకుని ఇంకో దారిన పైకి పోతుంది. వచ్చే దారి ఎంత ముఖ్యమో పోయే దారి అంత ముఖ్యం. పోయే దారి మూస్తే వచ్చే దారి ఉన్నా లేనట్టే. నలభై రకాల రూల్సు చదివిస్తారు మీచేత. వాటన్నిటినీ పిండితే మిగిలేది ఇదే.

గాలి కదలని చోట మనిషి పని చెయ్యకూడదు. అలాంటి చోటును కర్రలతో కంచె వేసి మూసేస్తాం. కంచె దాటినవాడు ఎవరైనా సరే మెమో అందుకోవాల్సిందే. ఎందుకంటే చెడుగాలి చెప్పి రాదు. పొగ ఉంటే కన్ను మండుతుంది, దగ్గు వస్తుంది, మనిషి పారిపోతాడు. చంపే గాలికి పొగ ఉండదు, వాసన ఉండదు. కాళ్లు బరువెక్కుతాయి, నిద్ర వచ్చినట్టు ఉంటుంది. ఆ నిద్ర ఇంట్లో వచ్చే నిద్రలాగే ఉంటుంది.

మా మేనేజరు

నేను చూసిన మేనేజర్లలో గాలి విషయం అందరికంటే బాగా తెలిసినవాడు ప్రసాదరావు గారు. కోస్తా జిల్లా మనిషి. సన్నగా, తెల్ల చొక్కా, మాటలో మర్యాద. గని కింద మాత్రం పులి. గాలిని దారి మళ్లించే పరదా ఒక మూల చిరిగి ఉంటే షిఫ్టు ఆపించేవాడు. ఉత్పత్తి పడిపోయిందని పైనుంచి ఫోన్లు వస్తే, "మనుషులు పడిపోతే ఎవరు ఎత్తుతారండీ?" అని పెట్టేసేవాడు.

ఒక రోజు ఓదెలు అనే కార్మికుడు కంచె కింద నుంచి దూరి, బొగ్గు తవ్వి వదిలేసిన పాత గల్లీలోకి వెళ్లాడు. ఎందుకంటే అక్కడ ఎవరూ రారు, కాసేపు నడుం వాల్చవచ్చు. తిరిగి రాలేదు. వాడి జోడీ కొమురయ్య, గనిలో పైకప్పుకు కర్రలు నిలబెట్టే టింబర్‌మన్, క్యాప్‌ ల్యాంపు వెలుగులో వాడి కాళ్లు కనబడేసరికి "ఓదెలూ!" అని అరుస్తూ కంచె ఊడబెరికాడు. అప్పుడే అటు వచ్చిన ప్రసాదరావు గారు వెనక నుంచి కొమురయ్య కాలర్ పట్టుకున్నాడు.

"ఆగు! లోపలికి పోతే నువ్వూ పడతావు!"

"ఇడువుండ్రి సారూ! ఆడ మనిషి సస్తుండు!"

"అందుకే చెప్తున్నా. ముందు గాలి, తర్వాత మనిషి."

కొమురయ్య ఆయనకంటే రెండింతలు ఉంటాడు. తోసేస్తే పడిపోయేవాడు. కాని ఆయన కాలర్ వదల్లేదు. గాలిని పరీక్షించడానికి చేతిలో ఉంచుకునే మంట దీపం ముందుకు చాపి నేలబారున పట్టాడు. దీపం ఆరిపోయింది. అది చూసి కొమురయ్య వెనక్కి జరిగాడు. మేం పరదాలు కట్టి గాలిని అటు మళ్లించాం. మళ్లీ దీపం పట్టి, అది నిలిచాక ప్రసాదరావు గారే ముందు నడిచాడు. ఓదెలు బతికాడు. ఇప్పటికీ బతికే ఉన్నాడు.

ఆ రోజు నుంచి కొమురయ్యకు ప్రసాదరావు గారంటే దేవుడికంటే ఎక్కువ. నాకు దేవుడి లెక్క లేదు కాబట్టి నేనలా అనను కాని, ఆయన మీద నాకూ గౌరవం పెరిగింది. ఆ గౌరవం తప్పు కాదు. ఎక్కడిదాకా అన్నదే ప్రశ్న.

క్వార్టరు, సొంత ఇల్లు

మా దగ్గర ఇల్లు కొనడం అందరిలాంటిది కాదు. కార్మికుడు జీవితమంతా కంపెనీ క్వార్టర్లో ఉంటాడు. పిల్లలు అక్కడే పుడతారు, అక్కడే పెద్దవుతారు. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. అప్పుడు తెలుస్తుంది, తనకు ఇల్లు లేదని. ఊళ్లో ఇల్లు ఎప్పుడో అన్నదమ్ముల పాలయి ఉంటుంది. దాంతో రిటైర్మెంటు దగ్గరపడుతుండగా బస్తీలో రెండు గదులు వెతుక్కుంటాడు. రెండు వేల సంవత్సరం దాటాక అలా వెతికేవాళ్లు ఎక్కువయ్యారు.

బంకర్ బస్తీ అలాంటిది. బొగ్గు లారీలు నింపే బంకర్‌కు ఆనుకుని పుట్టింది. ఉతికిన బట్ట సాయంత్రానికి బూడిద రంగుకొస్తుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ పేలితే అరమారలో గిన్నెలు మోగుతాయి. నల్లా రోజు విడిచి రోజు. ఇళ్లు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, పక్కింటి గోడే మన గోడ. అంటే తూర్పు పడమరలకు కిటికీలు పెట్టుకోలేం. గాలి ముందు నుంచి రావాలి, వెనక నుంచి పోవాలి. ఇంకో మార్గం లేదు. ఇది నేను గనిలో చూసే నక్షాయే.

ఇల్లు కొనేవాళ్లు ఏం అడుగుతారో ఎన్నోసార్లు విన్నాను. మొదటి ప్రశ్న, "ఏ ముఖం?" అప్పుడు నీళ్లు, ఆఖరున పట్టా. దక్షిణ ముఖం అయితే ఇల్లు ఎంత బాగున్నా బేరం సగంలో తెగుతుంది. వీధిపోటు ఉందంటే చూడ్డానికి కూడా రారు. అందుకే చదువుకున్న పిల్లలకు నేనొకటి చెబుతుంటాను. సిద్ధాంతులు భయపెట్టి చవక చేసిన ఇళ్లలో మంచివి ఉంటాయి, పోయి కొనుక్కోండి.

ఇదే మనుషులు క్వార్టర్లో ఉన్నన్నాళ్లు దిక్కు ఊసెత్తరు. క్వార్టర్ల లైన్లు చూడండి. ఎదురెదురు వరసలు. ఒక వరస ఉత్తరం చూస్తుంది, ఒక వరస దక్షిణం చూస్తుంది. లోపలి గదులు ఒకటే, కుటుంబాలు ఒకటే, జీతం ఒకటే. ఆ వరసలో పెళ్లిళ్లయ్యాయి, ఈ వరసలో పెళ్లిళ్లయ్యాయి. ఆ వరసలో తాగి చెడినవాళ్లున్నారు, ఈ వరసలోనూ ఉన్నారు. గనిలో పోయినవాళ్ల శవాలు రెండు వరసలకూ వచ్చాయి. వాస్తు నిజమో కాదో తేల్చడానికి కంపెనీ మనకు తెలియకుండానే ఇంత పెద్ద ప్రయోగం చేసి పెట్టింది. దాని ఫలితం చూడ్డానికి కళ్లు కూడా అక్కర్లేదు, వీధిలో ఒకసారి నడిస్తే చాలు. అయినా సొంత ఇల్లు అనగానే దిక్కులు గుర్తొస్తాయి. సొంతం అనే మాటతో పాటు భయం కూడా సొంతమవుతుంది.

కొమురయ్య కొన్న ఇంటికి ఉత్తరం వైపు వాకిలి. ముందు గది, దాని వెనక నడిమి గది, ఆ వెనక పక్కపక్కన రెండు చిన్న గదులు. పడమర వైపుది వంటగది. దాని దక్షిణ గోడకు కిటికీ, వెనక సందులోకి చిన్న తలుపు. తూర్పు వైపుది సామాన్ల కొట్టు. దానికి కిటికీ లేదు. ముందు వాకిలి, వెనక కిటికీ తెరిస్తే ఇల్లంతా గాలి ఆడేది. నేను చూసి, "మంచి ఇల్లు కొన్నవు కొమురన్నా" అన్నాను.

అతని భార్య సరోజన నన్ను అన్నా అని పిలిచేది. ఇల్లు చేరిన రోజే వంటగది కిటికీలో కూర్చుని, "అన్నా, క్వార్టర్ల ఇన్నేండ్లున్న. గీ కిటికిల కూసుంటె నాకు మహారాణి లెక్క అనిపిస్తుంది. ఎనుకకెల్లి పొయ్యేటోళ్లందరు నన్ను పల్కరిచ్చే పోవాలె" అని నవ్వింది.

దిక్సూచి

ఇల్లు చేరిన కొన్నాళ్లకే గనిలో పైకప్పు రాయి జారి కొమురయ్య కాలు విరిగింది. టింబర్‌మన్‌కు అది జరగని సంగతి కాదు. పైకప్పు కింద కర్ర నిలబెట్టేవాడి మీదే పైకప్పు ముందు పడుతుంది. కాని సరోజన తమ్ముడు సత్తయ్య దవాఖానలోనే తేల్చేశాడు.

"ఇల్లు అచ్చిరాలె బావా. ఇన్నేండ్ల సర్వీసుల గోరు ఊడలె నీకు. గీ ఇంట్లకు అస్తనే కాలు పాయె."

పలకరించడానికి వచ్చిన ప్రసాదరావు గారు ఈ మాట విన్నాడు. ఆయనకు వాస్తు మీద నమ్మకం ఉందని మాకు తెలుసు. సెలవు రోజుల్లో ఆఫీసర్ల ఇళ్లకు వెళ్లి సలహాలు చెప్పేవాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. "డిశ్చార్జి అయ్యాక నేను ఒకసారి వచ్చి చూస్తాలే" అన్నాడు. కొమురయ్య మంచం మీద నుంచే రెండు చేతులూ జోడించాడు.

ఆయన వచ్చిన రోజు నేనూ వెళ్లాను. కొమురయ్య కాలు పిండికట్టుతో ముందు గదిలో మంచం మీద ఉన్నాడు. ప్రసాదరావు గారు జేబులోంచి దిక్సూచి తీసి ఇంటి మధ్యలో నిలబడ్డాడు. ఇల్లంతా ఊపిరి బిగపట్టింది. వంటగదిలోకి వెళ్లి తల ఊపాడు.

"నైరుతిలో పొయ్యి, నైరుతిలో తలుపు, నైరుతిలో కిటికీ. ఇంటి యజమానికి దెబ్బ తగలక ఏమవుతుంది? ఈ తలుపూ కిటికీ ఇటుకతో మూసేయండి. ఇక్కడ బరువు పెట్టుకోండి. పొయ్యి ఆ పక్క గదిలోకి, ఆగ్నేయానికి మార్చండి."

పక్క గది అంటే సామాన్ల కొట్టు. నాకు నోరు ఆగలేదు.

"సార్, ఆ కొట్టుకు చిల్లు కూడా లేదు. ఇలాంటి గది మన గనిలో ఉంటే మీరు దాని ముందు ఏం పెట్టిస్తారు?"

ఆయన నవ్వాడు. "కంచె పెట్టిస్తాను. కాని ఇది గని కాదండీ, ఇల్లు. దేని శాస్త్రం దానిది."

"గనిలో ఉన్న ఊపిరితిత్తులే కదా సార్ ఇంటికొచ్చేవి? ఇక్కడ వీళ్లు వండేది బొగ్గు మీద."

"గ్యాసు ఉంది కదా."

తలుపు దగ్గర నిలబడ్డ సరోజన అందుకుంది. "గ్యాసు సుట్టాలొస్తెనే ముట్టిస్తం సారూ. గని పక్కన ఉండి బొగ్గు పొయ్యి లేకుంట ఎవ్వలుంటరు?"

"అయితే తలుపు తెరిచి వండుకోమ్మా." నా వైపు తిరిగి, కొంచెం నొచ్చుకుని, "మీరు ప్రతిదానికీ వాదం పెట్టుకుంటారు. నాకేమన్నా లాభమా ఇందులో? దెబ్బ తగిలినవాడు కదా, నాలుగు మంచి మాటలు చెబుదామని వచ్చాను" అన్నాడు.

"మాటలు చెప్పుండ్రి సారూ, నాలుగు కాకుంటె నలభై చెప్పుండ్రి. గోడలెందుకు కడ్తుండ్రు?" అంది సరోజన.

సత్తయ్య కసిరాడు. "పెద్ద సారుతోని గట్లనేనా మాట్లాడేది అక్కా?"

అందరం కొమురయ్య వైపు చూశాం. ఇల్లు అతనిది. అతను తన కాలి పిండికట్టు మీద చెయ్యి వేసుకున్నాడు.

"సరోజా, నువ్వు ఊకో. ఆనాడు సారు నా కాలర్ పట్టకుంటె గీ ఇల్లు కొనెటోడే లేకపోవు. అప్పుడు ఎందుకు ఏమిటని అడగలె, బత్కిన. ఇప్పుడు గూడ అడగ."

మరుసటి రోజు మేస్త్రీ వచ్చాడు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. మోసగాళ్లతో మనకు పెద్ద బాధ లేదు. పీచుమిఠాయి రంగు బట్టలు కట్టుకుని, ఉంగరాలు అమ్మి పోయే సిద్ధాంతిని బస్తీవాళ్లు సగమే నమ్ముతారు. ప్రసాదరావు గారు మోసగాడు కాదు. ధైర్యవంతుడు, నిజాయితీపరుడు, గాలి గురించి నాకంటే ఎక్కువ చదివినవాడు. అందుకే ఆయన కట్టించిన గోడ ఎవరూ కదపలేకపోయారు. గని కింద విజ్ఞానాన్ని పట్టుకుని మనుషుల్ని బతికించి, సంపాదించుకున్న ఆ నమ్మకాన్ని గని పైకి తెచ్చి మూఢత్వానికి ధారపోశాడు. ఒక మనిషి ఒక చోట నిజం చెప్పాడు గనుక ఇంకో చోట కూడా నిజమే చెబుతాడని అనుకోవడం కంటే పెద్ద మూఢనమ్మకం నేను చూడలేదు. అది చదువురానివాళ్లకంటే చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ.

రెండు ఇటుకలు

బొగ్గు పొయ్యిని మా వైపు సిగిడి అంటారు. ఇంటి బయట పెట్టి రాజేస్తారు. పొగంతా పోయి, బొగ్గు ఎర్రగా కాలాక లోపలికి తెస్తారు. పొగ లేదు కాబట్టి భయం లేదనుకుంటారు. అసలు ప్రమాదం అప్పుడే మొదలవుతుంది. ఎర్రటి బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. గని మంటల దగ్గర దీన్ని కొలవడానికి మాకు ప్రత్యేకంగా పరికరాలున్నాయి. ఈ సంగతి ట్రైనింగులో కొమురయ్యకూ చెప్పారు, సత్తయ్యకూ చెప్పారు. సత్తయ్య కూడా గని కార్మికుడే.

చలి మొదలయ్యాక సరోజనకు తలనొప్పి మొదలైంది. వంట చేస్తుంటే కళ్లు తిరిగేవి, కడుపులో తిప్పేది. దిష్టి అన్నారు. మిరపకాయలు తిప్పి అదే సిగిడిలో వేశారు.

కొన్ని వారాల తర్వాత నేను కొమురయ్యను చూడ్డానికి వెళితే, ఆమె నన్ను మెల్లగా పాత వంటగదిలోకి పిలిచింది. మూసిన కిటికీ ముందు బియ్యం డబ్బా ఉంది. దాన్ని జరిపింది. వెనక గోడలో రెండు ఇటుకలు లేవు. సందులోంచి వెలుగు పడుతోంది.

"ఇనుప సీలతోని గుంజిన అన్నా. గీ గదికి, గా గదికి నడుమ తలుపు తీసి పెడ్తున్న. నాలుగొద్దులాయె, తలకాయ నొస్తలేదు. మొగనికి చెప్పకు, నీకు దండం పెడ్త."

"మంచి పని చేసినవ్ చెల్లె. ఇంకో నాలుగు తియ్యి."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "దచ్చినం దిక్కుకెల్లి యముడు అస్తడట గద. ఆయన దున్నపోతు మీద అస్తడంటరు. గింత సందుల కెల్లి దున్నపోతు ఎట్ల దూరుతదన్నా?"

ఇంత తేటగా వాదించిన మనిషిని నేను ఏ సభలోనూ వినలేదు. హేతువాదం మీద నేను చేసిన ఉపన్యాసాలన్నీ ఆ దున్నపోతు ముందు దిగదుడుపు.

కాని కొమురయ్య కాలు విరిగిన చోట పుండు చీము పట్టింది. సత్తయ్య ఇల్లంతా వెతికి కారణం కనిపెట్టాడు. బియ్యం డబ్బా జరిపాడు. "నీ మొగని కాలు నువ్వే తింటున్నవు గదనే!" అని వాకిట్లో నిలబడి అక్కను నలుగురిలో తిట్టాడు. ఆ మాట పడ్డాక ఆమె మళ్లీ గోడ జోలికి పోలేదు. సత్తయ్యే సిమెంటు కలిపి, రెండు ఇటుకలూ పెట్టి, పైన గట్టిగా పూత పూశాడు.

ఏ గోడ సారూ

ముసురు పట్టిన ఒక పొద్దున. చలిగాలి. కొమురయ్య కర్ర ఊతంగా యూనియన్ ఆఫీసుకు వెళ్లాడు. సరోజన తలకు పోసుకుని, ఎర్రగా కాలిన సిగిడిని కొట్టులోకి తెచ్చుకుని, ఈదర గాలి వస్తుందని నడిమి గదిలోకి తీసే తలుపు దగ్గరకేసి, వెంట్రుకలు ఆరబెట్టుకుంటూ పొయ్యి పక్కన కూర్చుంది.

కొమురయ్య తిరిగొచ్చి పిలిస్తే పలకలేదు. తలుపు తోసి చూసి కేకలు పెట్టాడు. సత్తయ్య వచ్చి లోపలికి ఉరికాడు, నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద పడ్డాడు. జనం అతణ్ని కాళ్లు పట్టి బయటికి లాగారు. బంకర్ బస్తీలో ఏం జరిగినా ముందు గనికే ఫోన్ చేస్తారు. అంబులెన్సు కంటే గని జీపు దగ్గర. ఆ సమయానికి మేనేజరు ఆఫీసులోనే ఉన్నాం, ఆయనా నేనూ. ఇద్దరం వెళ్లాం.

ప్రసాదరావు గారు గడప దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. పడిపోయిన సత్తయ్యను చూశాడు, లోపల పొగలేని గదిని చూశాడు. ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చేతులు రెండూ చాపి వాకిలికి అడ్డంగా నిలబడి, గనిలో అరిచిన గొంతుతోనే అరిచాడు.

"ఎవరూ లోపలికి పోవద్దు! ముందు గాలి! వెనక నుంచి గోడ పగలగొట్టండి!"

కొమురయ్య ఆయన ముఖంలోకి చూశాడు.

"ఏ గోడ సారూ?" అన్నాడు.

అది ఎత్తిపొడుపు కాదు. అతనికి నిజంగా వినాలని ఉంది, ఆయన నోటి నుంచి. ప్రసాదరావు గారి పెదవులు కదిలాయి.

"నైరుతి గోడ" అన్నాడు.

కొమురయ్య ఊతకర్ర పారేసి, ఎవరి చేతిలోంచో గడ్డపార లాక్కుని, విరిగిన కాలు ఈడ్చుకుంటూ వెనక సందులోకి పోయాడు. మేమంతా వెళ్లాం. సిమెంటు పూత గట్టిగా ఉంది. గోడ పడింది, గాలి లోపలికి పోయింది, ఆమెను బయటికి తెచ్చాం. దవాఖానలో డాక్టరు నాడి చూసి దుప్పటి కప్పాడు. ఆమె ముఖం ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నట్టు ఉంది. ఆ గాలి పట్టినవాళ్లు అలాగే ఉంటారు.

కొన్ని రోజుల తర్వాత ప్రసాదరావు గారు నాతో అన్న మాట ఇది: "ఆమె ఆ తలుపు మూసుకోకుండా ఉండాల్సిందండీ." ఆయన కళ్ల కింద నలుపు చేరింది. నిద్ర లేదని తెలుస్తూనే ఉంది. అయినా ఆ వాక్యం దాటి ఆయన ముందుకు రాలేకపోయాడు. కింద మాత్రం పరదా చిరిగితే అలాగే షిఫ్టు ఆపించేవాడు. కొన్నాళ్లకు బదిలీ అయి వెళ్లిపోయాడు.

కొమురయ్య ఇల్లు అమ్మేసి శ్రీరాంపూర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు అడిగాడు. "అన్నా, కింద నాకు అన్నీ ఎర్కనే. కంచె ఎర్క, దీపం ఎర్క. ఇంట్లకు అచ్చేసరికి ఎట్ల మర్చిన?"

"మర్వలే కొమురన్నా. ఎర్కైనదాన్ని పక్కకు పెట్టమన్నరు, పెట్టినవ్."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. నా మాట అతనికి ఊరట కాదని తెలుసు. ఊరట కోసం అబద్ధం చెప్పడం నాకు రాదు.

బస్తీ నేర్చుకున్నది

ఇంత జరిగాక బస్తీ ఏం నేర్చుకుంది? ఇల్లు చెడ్డదని నేర్చుకుంది. సత్తయ్య ఇప్పటికీ, "గా ఇటుకలు గుంజినందుకే" అంటాడు. గోడ చంపిందని ఒక్కరూ అనలేదు. ఆ ఇల్లు చేతులు మారింది, ప్రతిసారీ ఇంకా చవకైంది.

తెలంగాణ కోసం గనులు ఆపి కూర్చున్నాం. వంటావార్పూ రోడ్ల మీదే చేశాం. ఆ సిగిళ్లు ఆరుబయట కాలాయి కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రాష్ట్రం వచ్చిన రోజు బంకర్ బస్తీలో నా మీద కూడా గులాల్ చల్లారు, నేనూ చిందేశాను. మన నీళ్లు, మన కొలువులు అని గొంతులు చించుకుని అడిగినవాళ్లం. మన బుద్ధిని ఎవరి దగ్గర కుదువబెట్టామని మాత్రం ఏ సభలోనూ అడగలేదు. రాష్ట్రం వచ్చింది. గోడ కూడా మళ్లీ వచ్చింది.

అవును, ఆ ఇల్లు ఇప్పుడు ఇంకా పర్మినెంటు కాని ఒక బదిలీ కార్మికుడు కొన్నాడు. చిన్నవాడు, కొత్తగా పెళ్లయినవాడు. చవకని కొన్నాడు. చావు జరిగిన ఇల్లు కదా అని సిద్ధాంతిని పిలిపించాడు. కొమురయ్య పగలగొట్టిన చోట కొత్త ఇటుక కట్టించి, టైల్సు అతికించాడు. పొయ్యి గ్యాసుదే. కాని అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. చలికాలం. కిటికీ లేని ఆ కొట్టును అతని అత్త శుభ్రం చేసి, సున్నం వేసి పెట్టింది. బాలింతను, పసిగుడ్డును అందులో పడుకోబెట్టి, మంచం కింద నిప్పులు పెడతారట. నేను వెళ్లి చెప్పాను. ఒకసారి కాదు.

ఆ అత్త చివరికి చేతులు జోడించింది. "సారూ, పెద్దోళ్లు, దీవించాలె గని గా సచ్చిన ముచ్చట ఎందుకు తీస్తున్నరు? గా గదిల ఎటుకెల్లీ సలిగాలి రాదు. పచ్చి బాలింతకు గంత మంచి గది ఏడ దొరుకుతది? ఇగ పోండ్రి."

ఆ కార్మికుడు నన్ను వాకిలి దాకా సాగనంపాడు. రిటైరైన ముసలివాడి మాట అతని ఇంట్లో చెల్లదు.

కొత్త సర్దార్లూ, ఓవర్‌మన్లూ, మీ మాట చెల్లుతుంది. పేరు రాయను. అతను మీ షిఫ్టులోనే పని చేస్తున్నాడు, మీకు తెలుసు. కింద మీరు ఆగు అంటే ఆగుతాడు, రా అంటే వస్తాడు. ఎందుకని అడగడు. అలాంటి నమ్మకంతో ఒకాయన ఏం చేశాడో ఇంతసేపూ రాశాను. మీరు అలా చెయ్యకండి. ఆజ్ఞాపించకండి, అతనికి చూపించండి. గాలి ఎటు కదులుతుందో తెలియనప్పుడు మనం కింద కాస్త పొగ వదిలి చూస్తాం కదా. ఆ గదిలో తలుపు మూసి, అతని చేతికే ఒక ఊదుబత్తి ఇవ్వండి. పొగ ఎటూ పోక పైకప్పు కింద గడ్డకట్టి నిలబడటం అతను, అతని అత్త, అతని భార్య తమ కళ్లతో చూడాలి. చూశాక ఆ గదిలో నిప్పులు పెట్టొద్దని చెప్పండి. వెనక కిటికీ అతని చేతులతోనే తెరిపించండి. మళ్లీ మూసుకోకుండా చువ్వలు బిగించి రండి.

సెలవు రోజు దాకా ఆగకండి. షిఫ్టు దిగి, స్నానం చేసి, గడ్డపార పట్టుకుని నేరుగా అక్కడికే నడవండి. కాన్పు కాకముందే వెళ్లండి.